టైమ్ పని ఎవరిదని అడిగినప్పుడు

ఒక మాటను ఏళ్లుగా కడుపులో దాచుకుని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

భిలాయిలో, వైశాలి నగర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. చిన్న ఆఫీసులకూ స్కూళ్లకూ రౌటర్లు తయారుచేసి ఇచ్చేవాళ్లం. వాటికి సాఫ్ట్‌వేర్ రాసేది ఇద్దరమే, నేనూ లలితా. మా నాన్నలిద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చినవాళ్లే. మా ఇల్లు క్యాంప్ 2 పేటలో, వాళ్లది ఖుర్సీపార్‌లో. ఆఫీసంతా హిందీ, మేమిద్దరం మాత్రం తెలుగులో పోట్లాడుకునేవాళ్లం. ఆ పోట్లాటల కోసమే పొద్దున్నే పరుగెత్తుకు వెళ్లేవాణ్ణి. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. అదింకో పిరికితనం.

ఆ ఏడాది రౌటర్‌లో రెండు కొత్త పనులు చేర్చాం. ఇంటర్నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చి గడియారం దిద్దే పని లలితది. బ్రౌజర్‌లో తెరిచి సెట్టింగులు మార్చుకునే వెబ్ కన్సోల్ నాది. లాగిన్ అయినవాళ్లు చాలాసేపు ఊరికే ఉన్నారని గడియారం చెబితే, అది వాళ్లను తనంతట తానే బయటికి పంపేస్తుంది. మా రౌటర్‌లో బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే దాని గడియారం, కంప్యూటర్ల కాలం లెక్క మొదలయ్యే 1970కి వెళ్లిపోతుంది. నెట్ దొరికి టైమ్ వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

లలిత ఒకసారి అడిగింది.

"టైమ్ రాకముందే నీ కన్సోల్లో ఎవరైనా లాగిన్ అయ్యారనుకో. అంతలో టైమ్ వచ్చేస్తే ఏటవుద్ది? యాభై ఏళ్లనుంచీ కూకున్నాడని మనిషిని గెంటేస్తాదా?"

"ఏటీ అవదు. నాను సూసుకుంటాను కదా."

"సూసుకుంటావా, మర్సిపోతావా?"

"అరే యార్, నామీద భరోసా ఉంచు."

ఉంచింది.

నేను చూసుకోలేదు. మా ఆఫీసులో ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినా రౌటర్ ఆగదు. ప్లగ్ పీకి పరీక్షించాలని తెలుసు. రేపు చేద్దాంలే అనుకున్నాను, అంతే.

ఒక కోచింగ్ సెంటర్లో ఆన్‌లైన్ పరీక్ష జరుగుతుండగా కరెంటు పోయి వచ్చింది. అక్కడి మేనేజరు కన్సోల్ తెరిచి సెట్టింగులు మారుస్తున్నాడు. అంతలో టైమ్ వచ్చింది. లలిత అన్నట్టే నా కన్సోల్ అతన్ని గెంటేసింది. సెట్టింగులు సగమే పడ్డాయి, నెట్ పోయింది, పిల్లల పరీక్ష ఆగిపోయింది. సెంటర్ వాళ్లు మా రౌటర్లన్నీ వెనక్కి పంపేశారు.

కంపెనీ యజమాని, మా సార్, మా ఇద్దరినీ పిలిచారు. టైమ్ మారగానే పాడైందట కదా, టైమ్ పని ఎవరిది, అని నన్ను అడిగారు. "లలితది సార్" అన్నాను. అందులో అబద్ధం ఏముంది? ఇన్నేళ్లూ ఆ ప్రశ్న చాటునే దాక్కున్నాను. ఒక్క అబద్ధమైనా ఆడకుండా మనిషిని నిలువునా ముంచవచ్చు, నేను ముంచాను.

లలిత నావైపు చూసింది. ఆమె నా పేరు చెప్పగలిగేదే. ఎందుకు చెప్పలేదు? నేనే చెబుతానని ఎదురుచూసిందా? నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నెలాఖరుకు ఆమె ఉద్యోగం పోయింది. వాళ్ల నాన్న అప్పటికే రిటైరయ్యాడు, ఇల్లు ఆ జీతం మీదే నడిచేది. తర్వాత నా కన్సోల్‌ను నేనే గుట్టుగా సరిచేశాను. ఆమె చేసిన తప్పు దిద్దానని సార్ అందరి ముందూ నా భుజం తట్టారు. తట్టించుకున్నాను.

ఇప్పుడామె రాయపూర్లో ఏదో స్కూల్లో కంప్యూటర్లు నేర్పుతోందని విన్నాను. రాయపూర్ ఏమంత దూరం? ఎన్నిసార్లు స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చానో నాకే తెలియదు. వెళ్తే క్షమించమని అడగడానికేనా, లేక ఆ గొంతు మళ్లీ ఒకసారి వినాలనా? రెండోదే ఎక్కువని తెలిసి కాళ్లు ఆగిపోతాయి. ఆమె లేని వెలితి నాకింకా తీరలేదు, తీరాలని అడిగే హక్కూ నాకు లేదు.

మిమ్మల్ని క్షమించమనడం లేదు. అది మీ చేతిలోది కాదు. ఆ రోజు సార్ ముందు, ఆమె వింటుండగా అనవలసిన మాట ఒకటి ఉంది. అది ఇప్పుడు మీ ముందు అంటున్నాను.

కన్సోల్ నాది సార్. లలిత ముందే చెప్పింది. నేనే వినలేదు.