మూడో ఫిన్

ఈ రోజు పొద్దున్న కళింగపట్నం ఒడ్డున మా అమ్మాయి సర్ఫింగ్ బోర్డు అడుగున చేప రెక్కల్లా ఉండే మూడు ఫిన్లూ నేనే బిగించాను. మా ఆవిడ పోయేవరకూ అది ఆమె పని. పిల్ల నడుం లోతు నీళ్లలోకి వెళ్లాక గుర్తొచ్చింది, పక్క ఫిన్ల చదును వైపు లోపలికి ఉండాలి. నేను కుడి ఎడమలు తారుమారు చేశాను. గట్టిగా పిలిచాను.

పక్కన వల బాగుచేసుకుంటున్న ఎర్రయ్య తలెత్తాడు. "ఏటి బాబూ, సముద్రంలోకెల్తన్న మనిషిని ఎనకనుంచి పిలిసేసినారు? ఈయేల ఇంక ఎల్లనీకండి."

"పిలిస్తే ఆగిపోడానికి నేనేటి, నీ పడవనా మావా?" అని నవ్వుతూ అమ్మాయి ఒడ్డుకొచ్చింది.

ఫిన్లు మార్చి, స్క్రూలు బిగించి, ఒక్కొక్కటీ లాగి చూశాను. కదల్లేదు. అయినా పిల్లని కాసేపు కూర్చోబెట్టి, గుక్కెడు నీళ్లు తాగించి పంపాను.

తిరిగొచ్చాక బోర్డు తిప్పి చూస్తే కుడివైపు ఫిన్ విరిగిపోయింది. మొదలు మాత్రం నేను బిగించిన చోటే గట్టిగా ఉంది. ఎర్రయ్య అది చూసి, వల చుట్టుకుని వెళ్లిపోయాడు.

అమ్మాయి రేపు మళ్లీ వెళ్తానంటోంది. "మూడింట్లో రెండున్నా నడుస్తాది నాన్నా. మనం లేమా?"

మీరైతే పంపుతారా?