నాయన తవ్వుకున్న మగ్గం గుంత

పోయిన నెల నేను రిటైరైనప్పుడు మా హిందూపురం బడిలో టీచర్లంతా కలిసి నాకొక చేతి గడియారం కానుకగా ఇచ్చారు. టైము చూపించడం దానికి చిన్న పని. అడుగులు లెక్కపెట్టడం, ఎక్కువసేపు కూర్చుంటే లేవమని మణికట్టు మీద గిలిగింతలు పెట్టడం దాని అసలు పని. ముప్పయ్యేళ్ల పాటు పిల్లల్ని లేచి నిలబడమన్నదాన్ని, ఇప్పుడు అది నన్ను నిలబడమంటోంది. నిన్న స్థిమితంగా పేపరు చదువుకుంటుంటే మూడుసార్లు పొడిచింది. విసుగొచ్చి దాన్ని తీసి ఫ్రిజ్ మీద పెట్టేసి, మా నాయనను తలుచుకుని నవ్వుకున్నాను. ఒళ్లూ మనసూ బాగుచేసుకోవడానికి ఆయన కనిపెట్టిన పద్ధతి ఏ గడియారానికీ అంతుపట్టదు. పైగా ఆ పద్ధతి ఆయనకు అవసరపడేలా చేసిన ఘనత నాదీ, మా తమ్ముడిదీ.

నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మాది గుంతమగ్గం. అంటే ఇంట్లో నేలలోనే మోకాలి లోతుకు మించి ఒక గుంత ఉంటుంది. నేతగాడు దాని అంచున కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి, అడుగునున్న చెక్కల్ని తొక్కుతూ నేస్తాడు. నలభై ఏళ్లకు పైగా ఆయన బతుకంతా ఆ అంచు మీదే గడిచింది. అన్నం అక్కడే తినేవాడు, మమ్మల్ని అక్కణ్ణుంచే తిట్టేవాడు, నా పెళ్లి మాటలు కూడా కాళ్లు గుంతలో పెట్టుకునే మాట్లాడాడు. కుర్చీలో కూర్చోవడం మాత్రం ఆయనకు చివరికీ పట్టుబడలేదు. మా అత్తగారింట్లో కుర్చీ వేస్తే, కాళ్లు కిందా పెట్టలేక పైనా పెట్టుకోలేక, కాఫీ చల్లారేదాకా సర్దుకుంటూనే ఉండేవాడు. మా మామగారు పాపం ఆయనకు కాఫీ నచ్చలేదనుకునేవారు.

తర్వాత చూపు మందగించింది, షుగరొచ్చింది, మోకాళ్లు పట్టేశాయి. నాయన నేత మానేసి మగ్గం కొయ్యలు ఒక బంధువుకు ఇచ్చేశాడు. ఇంటి నడిమధ్య ఖాళీ గుంత మిగిలింది. అమ్మ ఏ పొద్దున అందులో పడుతుందోనని నాకు భయం. మా తమ్ముడు ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తూ పెనుకొండలో కాపురముంటాడు. వాడికి ప్రపంచంలో నేలలన్నీ తన ఫ్యాక్టరీ నేలలాగా నున్నగా, మట్టంగా ఉండాలి. అమ్మానాయనా ఒక పెళ్లికని కదిరి వెళ్లిన రెండు రోజుల్లో మేమిద్దరం మేస్త్రీని పిలిచి, రాళ్లూ మట్టీ పోయించి గుంత పూడిపించాం. పైన తళతళలాడే టైల్స్ వేయించి, వాటి మీద దివాన్ మంచం, ఎదురుగా కొత్త టీవీ పెట్టించాం. ఫస్టున పాసైన పిల్లల్లాగా గడప దగ్గర నిలబడి ఎదురుచూశాం. నాయన వచ్చాడు, చూశాడు, కాలి బొటనవేలితో టైల్ని ఒకసారి రుద్దాడు. “బాగుండాది” అన్నాడు. ఆ తర్వాత ఐదు నెలలు ఆయన పెద్దగా మాట్లాడిందే లేదు.

మొదట్లో అలవాటు పడతాడులే అనుకున్నాం. ఆయన టీవీకి వీపు పెట్టి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ ముద్ద కలిపి పెడితే సగం తిని చాలనేవాడు. చొక్కాలు వదులయ్యాయి, షుగరు మాత్రం పెరిగింది. హిందూపురానికి తీసుకొచ్చి డాక్టరుకు చూపిస్తే, ఆయన మాత్రలు మార్చి, “మనిషి లోపల బాగా కుంగిపోయినాడమ్మా. నడిపించండి, మాట్లాడించండి” అన్నాడు. సరేనని మా ఇంట్లోనే ఉంచుకుని రోజూ తెల్లవారగానే కాలేజీ గ్రౌండుకు తీసుకుపోయాను. మొదటి రోజు ఒక చుట్టు తిరిగి వచ్చాక నాయన నిలబడిపోయి, “మళ్ల ఈడికే వస్తిమి గదా పాపా? దీనికి అంత దూరం పోవల్లనా?” అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన నిజంగానే అడిగాడు. పని లేకుండా నడవడమనేది ఆయన ఎరగడు. పదో రోజు చెప్పులు తొడుక్కోమంటే, “నాకింక పనేముండాది పాపా, ఇంటికి పంపీ” అన్నాడు. ఆ గొంతు విని వంటింట్లోకి పోయి ఏడ్చాను. మనిషి మా కళ్లముందే ఉన్నాడు గాని, మాకు దక్కడేమోనన్న భయం పట్టుకుంది.

ధర్మవరంలో దింపి వచ్చిన వారానికి అమ్మ ఫోను చేసింది. “మీ నాయనకు మతి పోయినాదే. గడ్డపార తీస్కోని టైల్స్ పగలగొడతాండాడు. వద్దంటే నన్నే బయటికి పొమ్మంటాడు. తమ్మున్ని తోడుకోని బిన్నా రా” అని ఒకటే గోల. బడికి సెలవు పెట్టి దొరికిన రైలెక్కాను. పెనుకొండలో తమ్ముడు ఫ్యాక్టరీ యూనిఫామ్‌లోనే ఎక్కాడు. బెంగళూరులో ఏ ఆసుపత్రి మంచిదని వాడు ఫోనులో వెతకడం చూశాను, చూడనట్టు కిటికీ వైపు తిరిగాను.

మేం వెళ్లేసరికి దివాన్ గోడకు ఆనించి ఉంది. నాలుగు టైల్స్ ముక్కలు ముక్కలై ఉన్నాయి. నాయన నేల మీద కూర్చుని రాళ్లు ఏరి పక్కన పెడుతున్నాడు. మీసాలకు దుమ్ము, ఒంటి నిండా చెమట. తమ్ముడికి దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి.

“ఏంది నాయనా ఇది? చెప్పింటే మేం మనుషుల్ని పెట్టేవాళ్లం గదా!”

“మీరు పెట్టిన మనుషులే గదప్పా దీన్ని పూడ్చింది” అన్నాడు నాయన తలెత్తకుండానే. మళ్లీ తనే, “బాగనే చేసినారు లేప్పా, మీ అమ్మ పడుతుందని చేసినారు. కానీ నా కాళ్ల తావు అదే. ఆడ గాక ఇంకెక్కడా ఇవి నా మాట వినవు. డాక్టరు నడవమన్యాడు గదా, నడుస్తా. ఈ మట్టి గంపకెత్తుకోని వీధి చివర దాకా నడుస్తా. ఆడ రోడ్డంతా గుంతలు పడి ఉండాది, దాంట్లో పోసొస్తా” అన్నాడు. అంత పొడవు మాట మేం ఐదు నెలల తర్వాత వింటున్నాం. తర్వాత అమ్మవైపు తిరిగి, “ఆకలయితాండాది మే, సంకటి ఉండాదా?” అన్నాడు. అమ్మ తిట్టుకుంటూ లోపలికి పోయింది. పళ్లెం తెచ్చేటప్పటికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

అదీ ఆయన పద్ధతి. పొద్దున కాసేపు తవ్వడం, సగం గంప మట్టి ఎత్తుకుని వీధి చివరికి నడవడం, ఖాళీ గంపతో తిరిగి రావడం. దారిలో ప్రతి గడప దగ్గరా “ఏమప్పా, ఏం చేస్తాండావు?” అని అడిగేవాళ్లే. జవాబు చెప్పక తప్పదు, చెబుతూ చెబుతూ నవ్వక తప్పదు. మాత్రలూ మానలేదు, వేళకు మింగేవాడు. ఆదివారం తమ్ముడు వచ్చి గంటలో తవ్వేస్తానని పలుగు పట్టుకుంటే, “నా మందు నువ్వు మింగుతావా?” అని లాక్కున్నాడు. రెండున్నర నెలలకు గుంత తేలింది. అమ్మ కోసం తనే చుట్టూ కొయ్య కంచె కట్టి, ఒకవైపు తలుపు పెట్టాడు.

మగ్గం లేదు గదా, ఆ గుంతలో ఏం చేస్తాడా అనుకున్నాను. వీధిలో నేతగాళ్లు పడుగులు తేవడం మొదలుపెట్టారు. చీర నిలువు పోగుల్నే పడుగంటారు. మగ్గం మీద పడుగు అయిపోతే, మిగిలిన చివరల్ని విప్పి తెచ్చి, వాటికి కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వెంట్రుక కంటే సన్నటి పట్టు పోగులు, వేలకు వేలు. నాయన కాళ్లు గుంతలోకి వదిలి, వేళ్లకు విభూది అద్దుకుని, కళ్లు దాదాపు మూసుకునే అతికేవాడు. కనపడుతుందా నాయనా అని అడిగితే, “ఇది కండ్ల పని గాదు పాపా. ఒక పోగు పట్టుకున్నాక, అయిపోయిన పోగు గుర్తుకు రాకూడదు, రాబోయే పోగూ గుర్తుకు రాకూడదు. అట్ల సాయంత్రం దాకా చేస్తే నిద్ర అదే వస్తాది” అన్నాడు. మనశ్శాంతి గురించి నేను విన్న ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

మళ్లీ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆయన రిపోర్టులు రెండుసార్లు చూసి, “ఏం చేసినావు పెద్దాయనా?” అన్నాడు. “మా పిల్లోళ్లు పూడ్చిన గుంత తవ్వుకున్నా సారూ” అన్నాడు నాయన ఎంతో మామూలుగా. డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు వైపు చూశాను.

నాయనకిప్పుడు ఎనభై దాటింది. మేం చేసిన పనిని ఆయన ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు, ఆ బాధ్యత అమ్మ తీసుకుంది. వచ్చిన చుట్టాలందరికీ పూసగుచ్చినట్టు చెబుతుంది, మేం తలొంచుకుని వింటాం. వినడం నాకు ఇష్టం కూడా. ఆ గుంత పూడ్చడానికి మాకు రెండు రోజులు పట్టింది, తవ్వుకోవడానికి నాయనకు రెండున్నర నెలలు పట్టింది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడుతూ, ఆయన మాటలకు నవ్వుకుంటూ మేం గడిపిన ఈ ఏడేళ్లూ ఆయన గంపతో మోసి మాకు పెట్టిన భిక్ష.