రంగు తిరిగిన లోడు

జగిత్యాల చుట్టుపక్కల మామిడి తోటలు గుత్తకు పట్టే మాకు ఒక పాడు అలవాటు ఉండేది. కాయ ముదరకముందే తెంపేవాళ్లం. నాగపూర్ దారిలో రాష్ట్రం దాటేచోట చెక్‌పోస్టులో లారీ ఎంతసేపు ఆగుతుందో దేవుడికే తెలియాలి. కాగితాలు చూసి వదిలేలోపు ఎండకు లోడు ఉడికిపోయేది. అందుకే రాళ్లలాంటి పచ్చికాయలే పంపేవాళ్లం. దేశంలో సరుకు ఎక్కడికైనా అడ్డులేకుండా పోవచ్చని రాజ్యాంగంలోనే ఉందని చదువుకున్నవాళ్లు చెప్పేవారు. ఉంటే ఉండొచ్చు. ఆ సంగతి రోడ్డుకు అడ్డంగా దించిన గేటుకు తెలియాలి కదా!

జీఎస్టీ వచ్చాక ఆ పన్నుల చెక్‌పోస్టు ఎత్తేశారు. అయినా మా చేతులు పచ్చికాయల మీదికే పోయేవి. ఒక వేసవిలో నా భార్య చెట్టుకింద అడ్డం నిలబడింది.

"గీసారి రంగు తిరిగినంకనే తెంపుదాం. తొవ్వల ఆపెటోడే లేకపాయె, ఇంకా ఎవలికి భయపడుతున్నవ్?"

లోడు కుళ్లిందంటే మా ఏడాది కష్టం గంగపాలే. ఆ భయంతోనే, ఆమె చెప్పినట్టు రంగు తిరిగాకే తెంపించి, డబ్బాల్లో గడ్డి పరిచి సర్ది, లారీ నడిపే మా కోరుట్ల బావ పక్కన నేనూ ఎక్కి కూర్చున్నాను.

రాష్ట్రం దాటే పెన్‌గంగ నది దగ్గర బావ బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. నేను సంచిలోంచి కాగితాలు తీశాను. ఇద్దరం బుద్ధిగా కూర్చున్నాం. ఎదురుగా తాళం వేసిన రేకుల గది, దాని నీడలో రెండు మేకలు. అంతలో ఇంటినుంచి నా భార్య ఫోన్.

"ఏడున్నరు?"

"చెక్‌పోస్టు కాడ ఆగినం."

"ఎవలి కోసం?"

నేను బావ మొహం చూశాను, బావ నా మొహం చూశాడు.

"థూ, మన అలవాటు పాడుగాను!" అని బావ పగలబడి నవ్వి బండి తీశాడు.

నాగపూర్ మార్కెట్లో డబ్బాలు ఒక్కొక్కటే విప్పి చూశాను. ఒక్క కాయ చెడలేదు. హమ్మయ్య అనుకుంటూ అక్కడే గోనెసంచి మీద కూలబడ్డాను. ఎన్నో ఏళ్లుగా మా సరుకే కొంటున్న సేటు ఒక పండు కోసి తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. ఈసారి కొత్త తోట పట్టారా అని హిందీలో అడిగాడు.

అవే చెట్లు, మీరు ఇన్నేళ్లుగా తింటున్నవే అన్నాను. సేటు నమ్మలేదు.