పప్పుగుత్తిలో విన్న చప్పుడు

నా చిన్నప్పుడు అమెరికాలోని ట్రాయ్‌లో మా నాన్నగారు కొన్న పాత కారు చలి పొద్దుల్లో టకటకమని కొట్టుకునేది. రోడ్డెక్కి కాస్త వేడెక్కగానే ఆ చప్పుడు తగ్గేది. ఆఫీసులో కంప్యూటర్ల తప్పులు వెతికే ఆయనకు సొంత కారు గోల మాత్రం చెవికెక్కేది కాదు. వెనక సీట్లో కూర్చునే నాకేమో అది తగ్గినప్పుడే ఎక్కువ భయం వేసేది.

ఆ శీతకాలం తమ్ముడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి పిట్స్‌బర్గ్ గుడికి బయల్దేరాం. బయట మంచు గడ్డకట్టి ఉంది. తమ్ముణ్ణి సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాక అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నాన్నగారు ఇంజిన్ స్టార్ట్ చేశారు. దారిలో తినమని పులిహోర తెచ్చిన పక్కింటి ఆంటీ ఆ చప్పుడు విని డ్రైవ్‌వేలోనే ఆగిపోయింది. ఆవిడ ఒక కార్ల కంపెనీలో ఇంజిన్లు పరీక్షించే ఇంజినీరు.

“హీట్ అయితే సౌండ్ పోతుందమ్మా. రోజూ డ్రైవ్ చేస్తూనే ఉన్నాగా,” అన్నారు నాన్నగారు. ముహూర్తం దాటిపోతుందని ఆయన తొందర.

ఆంటీ బానెట్ ఎత్తించింది. మా వంటింట్లోంచి పప్పుగుత్తి తెచ్చి, దాని కాడను ఇంజిన్ పైమూతకు ఆనించి, రెండో కొసకు నన్ను చెవి పెట్టమంది. కుట్టుమిషన్ లాంటి వరుస చప్పుళ్ల మధ్య ఒకచోట మొద్దుగా ఒక దెబ్బ వినిపించింది.

ఇంజిన్ ఆపించి, మూత విప్పింది. నాన్నగారి చేత పానాతో ఇంజిన్‌ను మెల్లగా తిప్పించింది. నూనెలో మెరుస్తూ కామ్‌షాఫ్ట్ అనే కడ్డీ తిరిగింది. దాని బుడిపె రాకర్ అనే చిన్న మీటను కదిపితే, అది వాల్వ్‌ను లోపలికి నొక్కి తెరుస్తోంది. స్ప్రింగ్ దాన్ని మళ్లీ పైకి లాగి మూస్తోంది. ఒక స్ప్రింగ్ దగ్గర ఆంటీ వేలు ఆగింది. అది విరిగి రెండు ముక్కలైంది. ఆ ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని, ఏమీ జరగనట్టే ఇంకా పనిచేస్తున్నాయి.

“ఇది హైవే మీద జారిందంటే వాల్వ్ లోపల పడిపోతుంది అన్నయ్యగారూ. పిస్టన్ వచ్చి దాన్ని కొడుతుంది. ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఈ చలిలో, చంటిపిల్లాడితో...”

నాన్నగారు పానా కింద పెట్టేశారు. ఎన్నాళ్లుగా అలా తిరుగుతున్నామో ఎవరికీ తెలియదు. ముందురోజే తమ్ముణ్ణి అందులో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. అమ్మ వాడి బెల్టు విప్పి ఎత్తుకుంది. నిమ్మకాయలు చక్రాల కిందే ఉండి గడ్డకట్టిపోయాయి.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ‘బాగానే నడుస్తోందిగా’ అని ఎవరన్నా నేను ఇంకోసారి చెవి పెట్టి వింటాను. మొన్న తానుంటున్న శాన్ రామన్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. “అంతా ఫైన్ అక్కా,” అంటూ ఆఫీసు కబుర్లు చెప్పాడు, నవ్వాడు. ఆ నవ్వులో ఒకచోట గొంతు మొద్దుగా తగిలింది. ఫోన్ పెట్టేయగానే వాడి దగ్గరికి రేపటికి టికెట్ బుక్ చేశాను.