బ్రాందీలో కాఫీ వాసన

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఈ జన్మలో రాదు.

ఎనభైల్లో ముసునూరు దగ్గర మామిడితోటలున్న ఇంటికి కోడలిగా వెళ్లాను. పూత మీదే కాపు కొనడానికి వ్యాపారులు వచ్చేవారు. వాళ్ల మర్యాద కోసం మామగారు ముందుగది బీరువాలో బ్రాందీ సీసా ఉంచేవారు. ఆ చలికాలం అత్తగారికి జలుబు చేస్తే, వేడి డికాక్షన్‌లో బెల్లం, రెండు చెంచాల బ్రాందీ కలిపి, పైన కాస్త మీగడ వేసి ఇచ్చాను. ఛీ, ఏం వాసనంటూ ఆవిడ తోసేశారు. పారబోయడమెందుకని నేను తాగాను. అబ్బ, ఎంత బాగుందో! ఇప్పుడు కూడా అబద్ధమెందుకు?

ఇక రోజూ మధ్యాహ్నం అందరూ తోటకు వెళ్లగానే అదే పని. సీసా తగ్గినప్పుడల్లా రంగు తేడా తెలియకుండా పల్చటి డికాక్షన్ పోసేదాన్ని. ఎంత తెలివో చూడండి.

హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒక గుక్క తాగి, "ఇదేంటండీ, కాఫీ వాసనొస్తోంది?" అన్నాడు. మామగారి మొహం మాడిపోయింది. నేరుగా తోట కాపలా వీరాస్వామి మీద పడ్డారు. అతను ఒకప్పుడు బాగా తాగేవాడు. కూతురు పుట్టాక మానేశాడు. ఏడాదిగా చుక్క ముట్టలేదని అతని భార్య నాతో మురిసిపోతూ చెప్పేది.

"అమ్మాయిగారూ, మీరైనా చెప్పండి. నేను మానేశాను గదండీ," అన్నాడు వీరాస్వామి నా వంక చూసి.

"నాకేం తెలుసు?" అన్నాను.

డికాక్షన్ ఉండేది వంటింట్లో. అతను మా వంటింటి గడప ఎన్నడూ తొక్కలేదు. అతను కాఫీ తాగే గ్లాసు కూడా బయట వసారా చూరులోనే ఉండేది. అంత తేలికైన సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదు? కోడలు తాగుతుందని ఎవరైనా అనుకుంటారా? ఆ నమ్మకం వెనకే దాక్కున్నాను. భయమా? భయమే. కానీ నింద అతని మీదకు పోగానే లోపల హమ్మయ్య అనిపించింది చూడండి, దాన్నే ఇన్నేళ్లుగా క్షమించుకోలేకపోతున్నాను.

ఆ పూటే అతన్ని పనిలోంచి తీసేశారు. పొద్దుగూకేసరికి వీరాస్వామి తప్పతాగి రోడ్డు పక్కన పడి ఉన్నాడని తెలిసింది.

"చూశారా, నేను చెప్పలా?" అన్నారు మామగారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

తర్వాత వాళ్లు చాట్రాయి వైపు వెళ్లిపోయారని విన్నాను. అతను మళ్లీ మానాడో లేదో తెలియదు. కనుక్కోలేదు. కనుక్కోవడానికి నాకు మొహమేది?

ఆ బ్రాందీ తాగింది నేను. వీరాస్వామి కాదు. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది.