అంకెలు బయటపెట్టిన ఏడాది

వాంకూవర్‌లో ఒక గ్యాస్ కంపెనీలో నేను ఎన్విరాన్‌మెంట్ ఇంజనీరుగా చేరిన మరుసటి ఏడు కొత్త నిబంధన వచ్చింది. గ్యాస్ తవ్వకంలో పైకొచ్చే ఉప్పు మురుగునీరు ఎక్కడ నిలవ చేస్తున్నారో, పక్కనున్న వాగుల్లో ఉప్పు ఎంత ఉందో ప్రతి కంపెనీ ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలి. అప్పటిదాకా ఆ అంకెలు మా దగ్గరే ఉండేవి. ఉత్తరాన ఒక సైటులో మురుగునీటి గుంట అడుగున పరిచిన ప్లాస్టిక్ షీటు చిరిగిందని, పక్కనున్న వాగులో ఉప్పు పెరుగుతోందని మాకు తెలుసు. బాగుచేయడానికి బడ్జెట్ అడిగిన ప్రతిసారీ పైవాళ్లు వచ్చే ఏడు చూద్దామనేవారు.

ఆ సైటు బాధ్యత మా సీనియర్‌ది. హైదరాబాద్ నుంచి హ్యూస్టన్ మీదుగా వచ్చిన మనిషి. అన్నా అని పిలిచేదాన్ని.

"టెన్షన్ పడకమ్మా. ఆ వెబ్‌సైట్ ఎవడు ఓపెన్ చేస్తడు?" అన్నాడు.

ఒకామె చేసింది. ఆ వాగు దిగువన ఆవులు పెంచుకునే వృద్ధురాలు. అక్కడి కమ్యూనిటీ హాల్లో మేం పెట్టిన మీటింగుకి వచ్చి, మా ప్రెజెంటేషన్ అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత లేచింది.

"మా బావి నీళ్లు చేదెక్కి చాలా కాలమైంది. నా నాలుకే చెడిందనుకున్నాను. మీకు ముందే తెలుసా?"

అన్న మైకు అందుకున్నాడు. "తెలుసు," అన్నాడు. హాల్లో ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

తిరుగు దారిలో డ్రైవ్ చేస్తూ, "ఆ నంబర్ నేను నెలనెలా చూస్తనే ఉన్న గదమ్మా. ఆమె అడిగినంక అదే నంబర్ చూడబుద్ధి కాలే," అన్నాడు.

మీటింగు సంగతి పేపర్లో వచ్చింది. పెట్టుబడిదారులు ఫోన్లు మొదలుపెట్టారు. అన్నాళ్లూ లేదన్న బడ్జెట్ అప్పుడు దొరికింది. ఆ వేసవిలోనే గుంట ఖాళీ చేసి, మురుగునీటిని మూతలున్న ట్యాంకుల్లోకి మార్చాం. మరుసటి వసంతానికి వాగులో ఉప్పు తగ్గింది.

ఆ మాట చెబుదామని ఆమె ఇంటికి వెళ్లాను. దూడల తొట్టిలోకి ట్యాంకర్ నీళ్లు పడుతోంది.

"వాగు బాగుపడితే సంతోషమే. మరి నా బావి?"

నేలలోకి దిగిన ఉప్పు పోవడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరన్నాను. ఆమె పైపు కట్టేసి, లోపలికి రమ్మని, కొనుక్కొచ్చిన నీళ్లతో కాఫీ పెట్టి ఇచ్చింది.

నిబంధన వాగు అంకెలే అడుగుతుంది. బావుల ఊసు అందులో లేదు. ఆమెను అడిగి, ఆ ఏడాది రిపోర్టులో ఆ బావిని కూడా చేర్చాను. లాయర్లు వద్దన్నారు. అన్న సంతకం పెట్టాడు. ఆ నీళ్లు ఇంకా తాగడానికి పనికిరావు. ఏటా ఆ సంగతే అందరికీ కనిపించేలా పెడుతున్నాం.