బీరువాలో సక్షన్ మిషను

రాజమండ్రిలో మా సర్కారు ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో మంచానికి ఇద్దరు, మంచం కింద ఒకరు ఉంటారు. ఫ్యానుకు మాత్రం పక్షపాతం లేదు, ఎవరికీ గాలి ఇవ్వదు. ఇంతమందికీ ఇద్దరం నర్సులం. పొద్దుటి నుంచి మేం నడిచే నడకకి కాశీ వెళ్ళి, గంగలో మునిగి, మధ్యాహ్నం ఇంజెక్షన్ల వేళకి తిరిగి రావచ్చు.

మా ఆస్తల్లా గొంతులో కఫం లాగే సక్షన్ మిషను. పక్క వార్డు వాళ్ళది కాలిపోయింది. పది నిమిషాలని మాది పట్టుకెళితే, ఓ కురుక్షేత్రం జరిగాక గానీ తిరిగొచ్చేది కాదు. అందుకని మా ఇన్‌ఛార్జి మేడం దాన్ని దుప్పట్ల బీరువాలో పెట్టి, నా తలకాయంత తాళం వేశారు. తాళంచెవి ఆవిడ బొడ్లోనే.

ఒకరోజు ఆవిడ అన్నవరం వెళ్ళారు. చెవి కూడా స్వామి దర్శనానికి వెళ్ళింది. ఆ పొద్దున్నే కిటికీ పక్క మంచం మీద, పక్షవాతం వచ్చిన, చేపల వేటకెళ్ళే ఆయన గొంతు గురగురలాడింది.

"ఊపిరాడ్డం లేదండమ్మా! ఆ లాగే మిషను పెట్టండమ్మా!" అంది భార్య.

మేడంకి ఫోన్ చేశాను. వెనక మైకులో పంతులుగారు షావుకారు పడవ కథ చెబుతున్నారు.

"వ్రతం మధ్యలో ఉన్నానమ్మాయ్. పగలగొట్టేయ్!" అన్నారు గుసగుసగా.

ఆక్సిజన్ సిలిండర్ స్పానరుతో తాళాన్ని కొట్టాను. స్పానరు వంగింది. రెండో నర్సు ఆయన్ని పక్కకి తిప్పి సిరంజితో లాగుతోంది, గోదారిని చెంచాతో తోడినట్టు. చివరికి గేటు దగ్గర బొండాలమ్మే ఆయన వచ్చి కత్తి వెనకవైపుతో కొడితే తాళం ఊడింది. దసరా పసుపు బొట్లతో మిషను పెళ్ళికూతురిలా బయటికొచ్చింది. మీట నొక్కగానే మోగింది.

అప్పటికి ఆయనకి దానితో పని లేదు.

"చాలా కష్టపడ్డారమ్మా" అంది భార్య. తిట్టినా బాగుండేది.

మర్నాడు మేడం ఆకు పొట్లాల్లో ప్రసాదం తెచ్చారు. ఆ మంచం వంక చూశారు. అప్పటికే దాని మీద కొత్తవాళ్ళు ఇద్దరున్నారు.

"ఇంక తాళం వద్దులే" అన్నారు.

అంతలో గుమ్మంలో పక్క వార్డు నర్సు.

"అక్కా, పది నిమిషాలు. మా పేషెంటు గురగురమంటున్నాడు."

ఏమని కాదంటాను? వైరు చుట్టి నేనే ఇచ్చాను. తర్వాత వెళ్ళి అడిగితే, వాళ్ళ దగ్గర్నుంచి పైవార్డు వాళ్ళు పట్టుకెళ్ళారట. పైవార్డు వాళ్ళేమో మాకే ఇచ్చేశామంటారు.

కిటికీ పక్క మంచం మీద కొత్తవాళ్ళలో ఒకాయన గొంతు ఇవాళ పొద్దుట్నుంచి గురగురలాడుతోంది. ఆ పది నిమిషాలు ఇంకా అవలేదు.